గ్రబ్ బూట్ మెనూను నచ్చినట్టు మార్చుకోవడం ఎలా?

కంప్యూటర్ ఆన్ చేయగానే నల్లటి తెర, దాని మీద తెల్ల గీతల పెట్టె, అందులో నాలుగైదు వరుసలు. డెస్క్‌టాప్ వాల్‌పేపర్‌కీ ఐకాన్లకూ ఫాంట్లకూ గంటలు తగలేసేవాళ్లం కూడా ఈ తెర జోలికి మాత్రం పోము. కెలికితే సిస్టమ్ ఇక లేవదేమోనని భయం. ఆ భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు, అలాగని చేతులు కట్టుకుని కూర్చోవాల్సినంత పెద్దదీ కాదు.

ఒక్క సంగతి ముందే బుర్రకెక్కించుకోండి. ఈ మెనూ కనిపించే వేళకి లినక్స్ ఇంకా లేవలేదు. మీ గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు, మీరు ముచ్చటపడి పెట్టుకున్న ఫాంట్లు లేవు, హోమ్ ఫోల్డర్ మౌంట్ కాలేదు. అప్పుడు మెలకువగా ఉన్నది లినక్స్‌ను లేపే గ్రబ్ ఒక్కటే. డిస్కును చదవడానికీ, బొమ్మను విప్పడానికీ, అక్షరం గీయడానికీ తన సామాను తానే తెచ్చుకునే చిన్న ప్రోగ్రామ్ అది. బొమ్మ పెట్టినా రాలేదు, ఫాంట్ మార్చినా మారలేదు అన్న ఫిర్యాదులు దాదాపు అన్నీ ఈ సంగతి మరిచిపోవడం వల్ల వచ్చేవే.

ఇంకో మాట. ఫైళ్ల పేర్లు, ఆదేశాలు ఇక్కడ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. "గ్రబ్_" అని మొదలయ్యే సెట్టింగులన్నీ పెద్ద అక్షరాల్లో, మిగతావి చిన్న అక్షరాల్లో. సెట్టింగుల పేర్లు చాలావరకు ఫైల్‌లో ముందే ఉంటాయి కాబట్టి చూడగానే గుర్తుపడతారు.

ముందుగా ఏది ఎక్కడుందో

మనం చేయి పెట్టాల్సిన చోట్లు మూడే.

మొదటిది /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ అనే ఫైల్. మామూలు టెక్స్ట్ ఫైలే. సగానికి పైగా పని ఇందులోనే అయిపోతుంది.

రెండోది /ఈటీసీ/గ్రబ్.డి అనే ఫోల్డర్. ఇందులో 00_హెడర్, 10_లినక్స్, 30_ఓఎస్-ప్రోబర్, 40_కస్టమ్ లాంటి స్క్రిప్టులు ఉంటాయి. ముందున్న అంకెల వరుసలోనే అవి నడుస్తాయి, మెనూలో వరుసలూ ఆ క్రమంలోనే పడతాయి.

మూడోది /బూట్/గ్రబ్ ఫోల్డర్. ఫెడోరా, ఓపెన్‌సూసేల్లో దాని పేరు /బూట్/గ్రబ్2. బొమ్మలు, థీములు, ఫాంట్లు ఇక్కడ పెడతాం. గ్రబ్.సీఎఫ్‌జీ అనే ఫైల్ కూడా ఇక్కడే ఉంటుంది. గ్రబ్ నిజంగా చదివేది దాన్నే, అయినా దాన్ని మాత్రం చేత్తో మార్చకండి. దీన్ని దిద్దవద్దని ఆ ఫైల్ మొదట్లోనే పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఉబుంటు లాంటివాటిలో కర్నెల్ (లినక్స్ అసలు గుండెకాయ) అప్‌డేట్ వచ్చినప్పుడల్లా అది కొత్తగా తయారవుతుంది కాబట్టి మీ మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి.

అంటే సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ ఆ ఫైల్‌ను మళ్లీ తయారు చేయించాలి. డెబియన్, ఉబుంటు, మింట్‌లలో "సుడో అప్‌డేట్-గ్రబ్" అంటే చాలు. ఆర్చ్‌లో "సుడో గ్రబ్-ఎంకే‌కాన్ఫిగ్ -ఓ /బూట్/గ్రబ్/గ్రబ్.సీఎఫ్‌జీ". ఫెడోరాలో, ఓపెన్‌సూసేలో "సుడో గ్రబ్2-ఎంకే‌కాన్ఫిగ్ -ఓ /బూట్/గ్రబ్2/గ్రబ్.సీఎఫ్‌జీ". పాత సలహాలు చూసి ఫెడోరాలో ఈఎఫ్ఐ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్.సీఎఫ్‌జీ మీదికి ఈ అవుట్‌పుట్ పంపకండి. ఫెడోరా 34 నుంచి అక్కడ ఉండేది అసలు ఫైల్ ఎక్కడుందో చెప్పే చిన్న చీటీ మాత్రమే. ఇక నుంచి "అప్‌డేట్ చేయండి" అని ఎక్కడ అన్నా, మీ డిస్ట్రోకు (మీరు వాడే లినక్స్ రకానికి) తగ్గ ఆదేశం నడపమని అర్థం.

/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ అనే ఫైలే మీ దగ్గర లేకపోతే మీది బహుశా సిస్టమ్‌డీ-బూట్ అనే వేరే బూట్ ప్రోగ్రామ్ కావచ్చు. అందులో బొమ్మలూ థీములూ ఉండవు, ఈ వ్యాసం మీకు పనికిరాదు.

బ్యాకప్, ఒక చిన్న పాఠంతో

"సుడో సీపీ /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్.పాత" లాంటిదేదో ఒకటి కొట్టి నకలు తీసి పెట్టుకోండి. పేరు మీ ఇష్టం. ఒక లైవ్ యూఎస్‌బీ కూడా చేతిలో ఉంటే నిశ్చింత.

గ్రబ్.డి ఫోల్డర్‌లోని స్క్రిప్టుల నకళ్లు మాత్రం అదే ఫోల్డర్‌లో పెట్టకండి. నేను ఒకసారి 10_లినక్స్‌ను పక్కనే .బ్యాక్ అని కాపీ చేసి పెట్టాను. అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తే మెనూలో ప్రతి కర్నెల్‌కూ కవల పుట్టింది. ఆ ఫోల్డర్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి ఉన్న దాదాపు ప్రతి ఫైల్‌నూ అప్‌డేట్ ఆదేశం నడుపుతుంది, చివర .బ్యాక్ ఉందని వదిలేయదు. నకళ్లు హోమ్‌లో పెట్టుకోండి.

అసలు మెనూ కనిపించాలి కదా

కంప్యూటర్‌లో ఒకటే ఓఎస్ ఉంటే ఉబుంటు, ఫెడోరా లాంటివి మెనూను దాచేస్తాయి. కనపడని దానికి సింగారం దేనికి? /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ తెరిచి ఈ రెండు వరుసలు చూడండి:

గ్రబ్_టైమ్‌అవుట్_స్టైల్=మెనూ
గ్రబ్_టైమ్‌అవుట్=8

మొదటి దాంట్లో "హిడెన్" అని ఉంటే "మెనూ" అని మార్చండి. రెండోది సెకన్లు. 0 పెడితే ఆగకుండా వెళ్లిపోతుంది, -1 పెడితే మీరు ఎంటర్ కొట్టేదాకా కదలదు. సింగారం పని జరుగుతున్నన్నాళ్లూ 15 దాకా పెట్టుకుని, అయ్యాక తగ్గించుకోండి. ఫెడోరాలో అదనంగా "సుడో గ్రబ్2-ఎడిట్‌ఎన్వ్ - అన్‌సెట్ మెనూ_ఆటో_హైడ్" అని కూడా ఒకసారి కొట్టాలి.

ఉబుంటులో అప్పుడప్పుడూ మీరు పెట్టింది 5 అయినా 30 సెకన్లు లెక్కపెట్టడం చూసి ఉంటారు. కిందటిసారి బూట్ సరిగా పూర్తి కాలేదని గ్రబ్ అనుకున్నప్పుడు అలా చేస్తుంది. దాన్ని తగ్గించాలంటే గ్రబ్_రికార్డ్‌ఫెయిల్_టైమ్‌అవుట్ అనే వరుస చేర్చుకోవచ్చు.

విండోస్ కూడా ఉన్న కంప్యూటర్‌లో దాని వరుస కనిపించకపోతే కారణం ఇది: 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర ఓఎస్‌లను వెతకడం మామూలుగా ఆపేసి ఉంటుంది. గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని పెట్టి అప్‌డేట్ చేయండి. ఓఎస్-ప్రోబర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

రిజల్యూషన్

బొమ్మలు పెట్టేముందు తెర కొలత తేల్చుకోవాలి. మెనూ కనిపిస్తున్నప్పుడు "సీ" కీ నొక్కితే గ్రబ్ కమాండ్ లైన్ వస్తుంది. అక్కడ "వీడియోఇన్ఫో" అని కొట్టండి. మీ ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే, గ్రబ్‌ను లేపే ప్రోగ్రామ్) ఏయే కొలతలు ఇవ్వగలదో జాబితా వస్తుంది. మీ మానిటర్ ఎంత చేయగలదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఈ జాబితాలో ఉన్నదే పనిచేస్తుంది. ఒక కొలత కాగితం మీద రాసుకుని, ఎస్కేప్ నొక్కి మెనూకి తిరిగి రండి.

లినక్స్‌లోకి వెళ్లాక /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్‌లో:

గ్రబ్_జీఎఫ్‌ఎక్స్‌మోడ్=1920x1080,ఆటో
గ్రబ్_జీఎఫ్‌ఎక్స్‌పేలోడ్_లినక్స్=కీప్

కామా తర్వాత "ఆటో" తప్పకుండా ఉంచండి. మొదటిది కుదరకపోతే రెండోదానికి వెళుతుంది. "కీప్" వల్ల మెనూ నుంచి లినక్స్‌లోకి వెళ్లేటప్పుడు తెర అదే మోడ్‌లో కొనసాగుతుంది, మిణుకులు తగ్గుతాయి.

4కే తెర ఉందని పూర్తి కొలత పెట్టకండి. గ్రాఫిక్స్ డ్రైవర్ లేదన్నాను కదా, ప్రతి చుక్కనూ ప్రాసెసరే గీయాలి. కింది బాణం నొక్కితే హైలైట్ అర సెకను తర్వాత కదిలే మెనూ ఎంత అందంగా ఉంటే ఏం లాభం? నేను 4కే ల్యాప్‌టాప్‌లోనూ 1920x1080 దాటను.

అదే ఫైల్‌లో గ్రబ్_టెర్మినల్=కన్సోల్ అనే వరుస ముందు # గుర్తు ఉందో లేదో చూడండి. # లేకపోతే గ్రాఫిక్స్ మొత్తం ఆగిపోయి ఉత్త అక్షరాల తెరే వస్తుంది. ఫెడోరాలో ఇది గ్రబ్_టెర్మినల్_అవుట్‌పుట్ అనే పేరుతో కన్సోల్ అని ఉంటుంది. అక్కడ "జీఎఫ్‌ఎక్స్‌టెర్మ్" అని మార్చుకోవాలి.

వెనక బొమ్మ

ఎక్కువమందికి కావాల్సింది ఇదే, ఎక్కువమంది తడబడేదీ ఇక్కడే.

గ్రబ్ చదవగలిగేది పీఎన్‌జీ, జేపెగ్, టీజీఏ. ఈ మూడింట్లోనూ సాదాగా సేవ్ చేసినవే చదువుతుంది. ఇంటర్‌లేస్ చేసిన పీఎన్‌జీని, ప్రోగ్రెసివ్ జేపెగ్‌ను ముట్టదు. వెబ్ నుంచి దించుకున్న బొమ్మల్లో ప్రోగ్రెసివ్ జేపెగ్‌లు బోలెడుంటాయి. డెస్క్‌టాప్‌లో అది చక్కగా తెరుచుకుంటుంది కాబట్టి మనకు అనుమానమే రాదు. అందుకే ఏ బొమ్మనైనా ఒకసారి గింప్‌లో తెరిచి, మీ గ్రబ్ కొలతకు కుదించి, ఇంటర్‌లేసింగ్ టిక్ తీసేసి పీఎన్‌జీగా ఎగుమతి చేయండి. కొలత సరిపోకపోతే గ్రబ్ బొమ్మను సాగదీసి తెరకు అతికిస్తుంది, ముఖాలు గుమ్మడికాయలవుతాయి.

గింప్‌లో ఉండగానే మరో పని చేయండి: బొమ్మను చీకటి చేయండి. బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి. మెనూ పెట్టె దాదాపు తెరంతా పరుచుకుంటుంది కాబట్టి అక్షరాలు బొమ్మ మీదే పడతాయి. పగటి ఆకాశం, మంచుకొండలు, పూలతోటలు పెడితే రెండో రోజుకే విసుగొస్తుంది, ఏ వరుస మీద ఉన్నామో కనిపించదు. మసక కొండల గీత, రాత్రి ఆకాశం, ఉత్త రంగుల మేళవింపు లాంటివి బాగా కుదురుతాయి.

ఇప్పుడు బొమ్మను /బూట్/గ్రబ్ లోకి కాపీ చేయండి. పిక్చర్స్ ఫోల్డర్ దారి ఇచ్చి ఊరుకోకూడదా అంటే, హోమ్ వేరే పార్టిషన్‌లో ఉన్నా ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా గ్రబ్ అక్కడికి చేరలేకపోవచ్చు. /బూట్‌ను మాత్రం అది చదవక తప్పదు, కర్నెల్ ఉండేది అక్కడే. తర్వాత:

గ్రబ్_బ్యాక్‌గ్రౌండ్="/బూట్/గ్రబ్/వెనక.పీఎన్‌జీ"

అని రాసి అప్‌డేట్ చేయండి. డెబియన్ కుటుంబంలో బొమ్మ /బూట్/గ్రబ్‌లో ఉంటే ఈ వరుస లేకపోయినా పట్టేసుకుంటుంది. అప్‌డేట్ నడిచేటప్పుడు టెర్మినల్‌లో బ్యాక్‌గ్రౌండ్ దొరికిందంటూ మీ ఫైల్ పేరుతో ఒక వరుస వస్తుంది. రాలేదంటే దారిలో ఏదో అక్షరం తప్పు. ఆ వరుస వచ్చినంత మాత్రాన బొమ్మ తెరుచుకుంటుందని హామీ లేదు, ఫైల్ ఉందని మాత్రమే అది చెబుతోంది.

రంగులు

/ఈటీసీ/గ్రబ్.డి/40_కస్టమ్ తెరవండి. పైన ఉన్న వరుసలను, ముఖ్యంగా "ఎగ్జెక్ టెయిల్" అని మొదలయ్యే దాన్ని, ముట్టుకోకుండా అన్నిటికన్నా కింద ఈ రెండు రాయండి. ఇవి చిన్న అక్షరాల్లోనే.

సెట్ మెనూ_కలర్_నార్మల్=వైట్/బ్లాక్
సెట్ మెనూ_కలర్_హైలైట్=బ్లాక్/లైట్-గ్రే

గీతకు ముందున్నది అక్షరం రంగు, తర్వాతది వెనక రంగు. వెనక రంగు బ్లాక్ అయితే, బొమ్మ ఉన్నప్పుడు గ్రబ్ దాన్ని పారదర్శకంగా తీసుకుంటుంది, అంటే అక్షరం వెనక బొమ్మే కనిపిస్తుంది. బ్లూ అనో రెడ్ అనో రాస్తే మెనూ పెట్టె మొత్తం ఆ రంగు పులుముకుని మీరు కష్టపడి పెట్టిన బొమ్మను మింగేస్తుంది. ఇక్కడ పనికొచ్చే రంగుల పేర్లు పదహారే. కోడ్ అంకెలతో రంగులు ఇచ్చే వెసులుబాటు థీముల్లోనే ఉంది. పెట్టె బయట, కింద కనిపించే సూచనల రంగు కూడా మార్చాలంటే "సెట్ కలర్_నార్మల్=లైట్-గ్రే/బ్లాక్" చేర్చండి.

నా మాట వింటే, చాలామందికి ఇక్కడితో చాలు. చీకటి బొమ్మ, తెల్ల అక్షరాలు, స్పష్టమైన హైలైట్. ఏ అప్‌డేట్ వచ్చినా చెక్కుచెదరని అమరిక ఇది.

వరుసల పేర్లు, క్రమం

మెనూ అందం సగం అందులోని వరుసలు తగ్గించడంలో ఉంది. రికవరీ వరుసలు వద్దనుకుంటే గ్రబ్_డిసేబుల్_రికవరీ="ట్రూ" పెట్టవచ్చు. నేనైతే ఉంచుతాను, అవి ఎలాగూ "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" ఉపమెనూలో దాక్కుని ఉంటాయి. మెమరీ పరీక్ష వరుసలు వద్దంటే గ్రబ్.డిలో 20తో మొదలయ్యే మెమ్‌టెస్ట్ స్క్రిప్టుకు "సుడో సీహెచ్‌మోడ్ -ఎక్స్" కొడితే చాలు, ఫైల్ తీసేయనక్కర్లేదు.

విండోస్ వరుస పైకి రావాలంటే 30_ఓఎస్-ప్రోబర్ పేరును 08_ఓఎస్-ప్రోబర్‌గా మార్చండి. అప్పుడు వరుసల అంకెలు మారిపోతాయని మరవకండి. గ్రబ్_డిఫాల్ట్=0 అంటే మొదటి వరుస, లెక్క సున్నా నుంచి. ఇప్పుడు ఆ సున్నా విండోస్ అవుతుంది. ఈ తంటా లేకుండా గ్రబ్_డిఫాల్ట్=సేవ్డ్, గ్రబ్_సేవ్‌డిఫాల్ట్=ట్రూ అని పెట్టుకుంటే, కిందటిసారి ఎంచుకున్నదే ఈసారీ ఎంచుకుంటుంది.

పేరు మార్చాలన్న కోరిక ప్రమాదకరమైనది. గ్రబ్_డిస్ట్రిబ్యూటర్ విలువ మారిస్తే వరుస పేరు మారుతుంది, నిజమే. కానీ గ్రబ్-ఇన్‌స్టాల్ నడిచినప్పుడు ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఫోల్డర్ పేరుగా కూడా అదే పదాన్ని వాడుతుంది. మురిపెంగా "నా మిషన్" అని పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడో గ్రబ్ అప్‌డేట్ వచ్చినప్పుడు కొత్త గ్రబ్ ఒక ఫోల్డర్‌లో, ఫర్మ్‌వేర్ చూసే పాత గ్రబ్ మరో ఫోల్డర్‌లో మిగిలే అవకాశం ఉంది. దాని జోలికి పోకండి.

కొత్త వరుసలు చేర్చుకోవడం మాత్రం హాయైన పని. 40_కస్టమ్‌లోనే:

మెనూఎంట్రీ "ఆపేయి" --క్లాస్ షట్‌డౌన్ {
హాల్ట్
}
మెనూఎంట్రీ "రీస్టార్ట్" --క్లాస్ రీస్టార్ట్ {
రీబూట్
}

కోట్స్ మధ్య ఉన్నది మీ ఇష్టం. బ్రాకెట్లకు అటూ ఇటూ ఖాళీ ఉంచి, ముగింపు బ్రాకెట్‌ను కింది వరుసలో రాయండి. పొరపాటున కంప్యూటర్ ఆన్ చేశామని అనిపించిన అర్ధరాత్రి ఈ "ఆపేయి" వరుస విలువ తెలుస్తుంది.

అక్కడ తెలుగు లిపిలోనే రాసుకుంటే? నేనూ ఆశపడ్డాను. గ్రబ్‌కు యూనికోడ్ తెలుసు, తెలుగు అక్షరాలున్న ఫాంట్ ఇస్తే అక్షరాలు వస్తాయి కూడా. కానీ ఒత్తులను, గుణింతాలను అక్షరంతో కలిపి అల్లే పని డెస్క్‌టాప్‌లో వేరే లైబ్రరీ చేస్తుంది. గ్రబ్‌లో అది లేదు. అందుకే హల్లు ఒకచోట, పొల్లు ఇంకోచోట, ఒత్తు మరోచోట విడివిడిగా నిలబడతాయి. ఇంగ్లీషుతోనే సరిపెట్టుకున్నాను.

థీమ్ పెట్టడం

థీమ్ అంటే ఒక ఫోల్డర్. అందులో థీమ్.టీఎక్స్‌టీ అనే టెక్స్ట్ ఫైల్, కొన్ని బొమ్మలు, పీఎఫ్2 అనే గ్రబ్ సొంత రకం ఫాంట్లు, ఐకాన్స్ అనే ఉపఫోల్డర్. తయారైన థీములు బోలెడు దొరుకుతాయి. చాలావాటితో ఇన్‌స్టాల్ స్క్రిప్టు వస్తుంది, దాన్ని సుడోతో నడపమంటారు. నడపకండి. అది చేసే పని మూడు వరుసలది, చేత్తో చేసుకుంటే ఏం జరిగిందో మీకు తెలుస్తుంది.

/బూట్/గ్రబ్‌లో థీమ్స్ అనే ఫోల్డర్ చేసి, దించుకున్న థీమ్ ఫోల్డర్‌ను అందులో కాపీ చేయండి. తర్వాత:

గ్రబ్_థీమ్="/బూట్/గ్రబ్/థీమ్స్/నా_థీమ్/థీమ్.టీఎక్స్‌టీ"

ఫోల్డర్ దారి కాదు, చివర ఫైల్ పేరుతో సహా ఇవ్వాలి. అప్‌డేట్ చేస్తే థీమ్ దొరికిందన్న వరుస కనిపించాలి. థీమ్ ఉంటే ఇందాకటి బ్యాక్‌గ్రౌండ్ సెట్టింగ్‌ను, మెనూ రంగులను గ్రబ్ పట్టించుకోదు, అన్నీ థీమ్ నుంచే తీసుకుంటుంది.

/బూట్ విడి పార్టిషన్‌గా ఉన్నవాళ్లు "డీఎఫ్ -హెచ్ /బూట్" కొట్టి ఖాళీ ఎంతుందో చూసుకోండి. నాలుగు రకాల కొలతల్లో బొమ్మలు కుక్కిన థీములు చోటు తినేస్తే, తర్వాత కర్నెల్ అప్‌డేట్ మధ్యలో చోటు లేదని ఆగిపోతుంది. మీ కొలతది ఉంచుకుని మిగతావి తీసేయండి.

సొంత థీమ్ రాయడం

ఇది అనుకున్నంత కష్టం కాదు, వెబ్‌పేజీకి స్టైల్ రాసిన చేతికి అరగంట పని. గ్రబ్‌తో పాటు వచ్చే స్టార్‌ఫీల్డ్ అనే థీమ్‌ను నకలు తీసుకుని దిద్దుకోవడం సులువైన దారి. డెబియన్‌లో గ్రబ్-థీమ్-స్టార్‌ఫీల్డ్ అనే ప్యాకేజీగా దొరుకుతుంది.

థీమ్.టీఎక్స్‌టీలో మొదట తెర మొత్తానికి సంబంధించిన వరుసలు, పేరు తర్వాత కోలన్‌తో:

టైటిల్-టెక్స్ట్: ""
డెస్క్‌టాప్-ఇమేజ్: "వెనక.పీఎన్‌జీ"
డెస్క్‌టాప్-కలర్: "#202020"

టైటిల్ ఖాళీగా వదిలితే పైన ఉండే శీర్షిక వరుస పోతుంది. ఆ తర్వాత మెనూ పెట్టె, ఇక్కడ కోలన్ కాదు, సమానం గుర్తు:

+ బూట్_మెనూ {
లెఫ్ట్ = 50%-300
టాప్ = 40%
విడ్త్ = 600
హైట్ = 40%
ఐటెమ్_ఫాంట్ = "డెజావు సాన్స్ రెగ్యులర్ 24"
ఐటెమ్_కలర్ = "#909090"
సెలెక్టెడ్_ఐటెమ్_కలర్ = "#ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్"
ఐటెమ్_హైట్ = 40
ఐటెమ్_స్పేసింగ్ = 8
సెలెక్టెడ్_ఐటెమ్_పిక్స్‌మ్యాప్_స్టైల్ = "సెలెక్ట్_*.పీఎన్‌జీ"
}

మొదటి కొలత చూడండి. 50%-300 అంటే తెర మధ్య నుంచి 300 పిక్సెళ్లు ఎడమకు. పెట్టె వెడల్పు 600 కాబట్టి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటుంది. శాతాన్నీ పిక్సెళ్లనూ ఇలా కలపగలగడం థీమ్ రాసేవాళ్లకు పెద్ద వరం, తెర కొలత మారినా మధ్య నుంచి జరగదు.

చివరి వరుసలో నక్షత్రం గుర్తు ఉంది కదా, అక్కడ గ్రబ్ తొమ్మిది ముక్కల దాకా వెతుకుతుంది. నడిమి ముక్క "సీ", దిక్కులకు "ఎన్, ఎస్, ఈ, డబ్ల్యూ", మూలలకు "ఎన్‌డబ్ల్యూ" వగైరా. తొమ్మిదీ ఉండాలని లేదు. గుండ్రటి అంచుల హైలైట్ కావాలంటే నడిమి ముక్క, ఎడమ చివర, కుడి చివర మూడు చాలు. ఎడమ కుడి ముక్కల ఎత్తు ఐటెమ్_హైట్‌తో సమానంగా 40 పిక్సెళ్లే ఉంచండి. నడిమి ముక్క ఎంత చిన్నదైనా పర్లేదు, అది సాగుతుంది.

లెక్కపెట్టే గీత కోసం + ప్రోగ్రెస్_బార్ అనే మరో పెట్టె రాసి, అందులో ఐడీ = "__టైమ్‌అవుట్__" అని ఇవ్వండి, ముందూ వెనకా రెండేసి అండర్‌స్కోర్లు. ఆ ఐడీని బట్టే గ్రబ్ దాన్ని సెకన్లతో ముడిపెడుతుంది. లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్, ఎఫ్‌జీ_కలర్, బీజీ_కలర్ మామూలే. సన్నగా 4 పిక్సెళ్ల ఎత్తు పెడితే ముచ్చటగా ఉంటుంది.

ఫాంట్ దగ్గర దాదాపు అందరూ ఒకసారి బోల్తా పడతారు. గ్రబ్ టీటీఎఫ్ ఫాంట్లు చదవలేదు, వాటిని ఒక నిర్ణీత సైజులో పీఎఫ్2గా మార్చి ఇవ్వాలి. "సుడో గ్రబ్-ఎంకేఫాంట్ -ఎస్ 24 -ఓ" అని కొట్టి, ముందు తయారు కావాల్సిన పీఎఫ్2 ఫైల్ దారి, తర్వాత టీటీఎఫ్ ఫైల్ దారి ఇవ్వండి. పీఎఫ్2 ఫైల్ థీమ్ ఫోల్డర్‌లోనే ఉంటే అప్‌డేట్ సమయంలో దాన్ని లోడ్ చేసే వరుసలు వాటంతటవే పడతాయి. థీమ్.టీఎక్స్‌టీలో రాయాల్సింది మాత్రం ఫైల్ పేరు కాదు, ఫాంట్ లోపలి పేరు, చివర సైజుతో సహా. అది "డెజావు సాన్స్ రెగ్యులర్ 24" అయితే మీరు "డెజావు సాన్స్ 24" అని రాసినా గ్రబ్ గొడవ చేయదు, మౌనంగా వేరే ఫాంట్ వాడేస్తుంది. "స్ట్రింగ్స్" ఆదేశానికి ఆ పీఎఫ్2 ఫైల్ ఇచ్చి "హెడ్"కు పైప్ చేస్తే మొదటి వరుసల్లో అసలు పేరు కనిపిస్తుంది. దాన్నే కాపీ చేసుకోండి.

పేరు సరిగ్గానే ఉన్నా ఫాంట్ రాకపోతే సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే ఫర్మ్‌వేర్ కాపలా) ఆన్‌లో ఉందేమో చూడండి. గ్రబ్ ఫాంట్ కోడ్‌లో 2022లో భద్రతా లోపాలు బయటపడ్డాక, కొన్ని డిస్ట్రోలు సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు బయటి ఫాంట్ ఫైళ్లను రానివ్వడం మానేశాయి. ఫాంట్ కోసం సెక్యూర్ బూట్ ఆపేయమని నేను చెప్పను, గ్రబ్‌లో ఉన్న ఫాంట్‌తోనే థీమ్ కుదుర్చుకోండి.

ఐకాన్లు తేలిక. ప్రతి వరుసకూ వెనక --క్లాస్ అనే పేర్లు ఉంటాయి. ఉబుంటు వరుసకు "ఉబుంటు", "గ్ను-లినక్స్", "ఓఎస్" లాంటివి వరుసగా. గ్రబ్ ఐకాన్స్ ఫోల్డర్‌లో ఆ పేర్లున్న పీఎన్‌జీల కోసం అదే క్రమంలో వెతికి, ముందు దొరికినది పెడుతుంది. ఇందాక "షట్‌డౌన్" అని క్లాస్ ఇచ్చింది అందుకే, ఆ పేరుతో ఒక బొమ్మ పడేస్తే సరి.

రీబూట్ కొట్టకుండా చూసుకోవడం

సొంత థీమ్ రాస్తుంటే ఒక్క రంగు మార్చి రీబూట్, ఇంకో కొలత మార్చి రీబూట్ అంటే సాయంత్రం అయిపోతుంది. గ్రబ్2-థీమ్-ప్రివ్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. అది క్యూఈఎంయూ సాయంతో చిన్న వర్చువల్ మిషన్‌లో మీ థీమ్ ఫోల్డర్‌ను అచ్చం బూట్ మెనూలా తెరిచి చూపిస్తుంది. మీ అసలు /బూట్‌ను తాకదు. ఆఖరి పరీక్ష మాత్రం నిజం తెర మీదే చేయండి, ఫర్మ్‌వేర్ ఇచ్చే కొలతలు అక్కడే తెలుస్తాయి.

తేడా కొడితే

థీమ్‌లో తప్పుంటే గ్రబ్ సాధారణంగా ఒక ఎర్రర్ వరుస చూపించి, కీ నొక్కమని అడిగి, పాత అక్షరాల మెనూకి దిగిపోతుంది. బూట్ ఆగదు. 40_కస్టమ్‌లో బ్రాకెట్ మరిచిపోతే అప్‌డేట్ ఆదేశమే పట్టుకుంటుంది: సింటాక్స్ తప్పుందని చెప్పి, తప్పుల ఫైల్‌ను చివర .న్యూ చేర్చి పక్కన పెట్టి, పాత గ్రబ్.సీఎఫ్‌జీని అలాగే ఉంచుతుంది. అందుకే అప్‌డేట్ అవుట్‌పుట్ చదవకుండా రీబూట్ చేయకండి.

తెర పూర్తిగా నల్లగా ఉండిపోతే రిజల్యూషన్ మీద అనుమానపడండి. కంగారుపడి పవర్ బటన్ నొక్కకుండా, మీరు పెట్టిన సెకన్లు గడిచేదాకా ఆగండి. మెనూ కనపడకపోయినా లెక్క నడుస్తూనే ఉంటుంది, సిస్టమ్ తనంతట తాను లేస్తుంది. లేచాక జీఎఫ్‌ఎక్స్‌మోడ్ వరుస ముందు # పెట్టి అప్‌డేట్ చేయండి. -1 టైమ్‌అవుట్ పెట్టుకున్నవాళ్లకు ఈ సౌకర్యం లేదు, గుడ్డిగా ఎంటర్ కొట్టాలి. మెనూ దాగి ఉన్న, యూఈఎఫ్ఐ అనే కొత్త తరం ఫర్మ్‌వేర్ గల కంప్యూటర్‌లో ఎస్కేప్ గబగబా కొట్టి "గ్రబ్>" అనే ఖాళీ తెరలో పడ్డవాళ్లు "నార్మల్" అని కొట్టి ఎంటర్ నొక్కితే మెనూ దారి మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఎస్కేప్ ఒక్కసారే.

అన్నీ కుదిరాక టైమ్‌అవుట్‌ను 15 నుంచి 5కు దింపడం మరిచిపోకండి. ఇంకా ఉత్సాహం మిగిలితే అదే ఫైల్ చివర గ్రబ్_ఇనిట్_ట్యూన్="480 440 1" అని ఉంటుంది, ముందున్న # తీసేయండి. మొదటిది వేగం, రెండోది 440 హెర్ట్జ్ స్వరం, మూడోది ఎంతసేపన్నది. మదర్‌బోర్డ్ స్పీకర్ ఉన్న కంప్యూటర్ అయితే మెనూ వచ్చేముందు ఒక్క "కుయ్" వినిపిస్తుంది. అర్ధరాత్రి రీబూట్ చేసే అలవాటుంటే మాత్రం # అలాగే ఉంచేయండి.